ఇంటి ఉతుకులో గుడ్డ ప్యాడ్లు: గోదావరి డెల్టా ఇళ్ళలో తరచుగా అడిగే ప్రశ్నలు

అత్తగారి నూలు చీరలు, పిల్లల యూనిఫారాలు, చెరువు గట్టు మీంచి బురద కొట్టుకొచ్చిన లుంగీలు, మంచం మీది దుప్పట్లు. వీటన్నిటి మధ్య నెలసరికి వాడి ఉతుక్కునే గుడ్డ ప్యాడ్లు కూడా నెలనెలా వచ్చి చేరితే ఇంట్లో ఉతుకు ఎలా సాగాలి? అమలాపురం, రాజోలు, పాలకొల్లు, భీమవరం వైపు ఆడవాళ్ళు మళ్ళీ మళ్ళీ అడిగేవి ఇక్కడ ఒకచోట పెట్టాను. ముందే ఒక మాట చెప్పేస్తాను. ఈ ప్యాడ్లు ఉతకడం పెద్ద పని కాదు, ఆరబెట్టడమే అసలు పని. ఇబ్బందులు ఎక్కువగా అక్కడే పుడతాయి గనక ఆ జవాబు కాస్త పొడుగ్గానే ఉంటుంది.

ప్యాడ్లని మిగతా బట్టలతో కలిపి మిషన్లో వేయొచ్చా?

వేయొచ్చు. ముందు చన్నీళ్ళలో నీళ్ళు తేటగా వచ్చేదాకా జాడించి పిండేయాలి, అంతే. అలా జాడించిన ప్యాడ్ చెమట పట్టిన బనీనుకన్నా మురికిదేం కాదు. జిప్పు ఉన్న వలసంచిలో వేసి ముదురు రంగు బట్టలతో కలిపి తిప్పండి. సంచి లేకపోతే వాటి బటన్లు వోణీలకీ చున్నీలకీ తగులుకుని దారాలు లాగేస్తాయి. సెమీ ఆటోమేటిక్ మిషన్ అయితే ఇంకా సుఖం. నీళ్ళు మన చేతిలో ఉంటాయి, పైగా పక్క డబ్బాలో గట్టిగా పిండుకోవచ్చు.

పూజ బట్టలు, మడి బట్టలు వాటితో వేయకండి. ఆరోగ్యానికి దాంతో సంబంధం లేదు గానీ, ఇంట్లో పెద్దావిడ మనసు కష్టపెట్టి సాధించేదేముంది? అవి ఎలాగూ విడిగానే ఉతుకుతారు.

వేడినీళ్ళు ఎందుకు వద్దంటారు? వేడైతేనే కదా శుభ్రం?

రక్తంలో ఉండేది ప్రోటీను. పొయ్యి మీద తెల్లసొన ఎలా గట్టిపడుతుందో, వేడి తగిలితే అదీ అలాగే నూలులో బిగుసుకుపోతుంది. అందుకని మొదటి జాడింపు ఎప్పుడూ చన్నీళ్ళతోనే. మరక వదిలాక గోరువెచ్చని నీళ్ళు వాడుకోవచ్చు. అడుగున తడి దిగకుండా పీయూఎల్ అనే ప్లాస్టిక్ పొర వేసిన ప్యాడ్లయితే 40 డిగ్రీలు దాటనివ్వకండి. మరిగే నీళ్ళలో వేస్తే ఆ పొర ఊడి బుడగలు కడుతుంది. ఆ తర్వాత అది ఆపాల్సిన తడిని ఆపదు.

బాత్రూమ్ ఒక్కటే. మామగారు, పిల్లలు అందరూ వాడతారు. నానబెట్టిన బకెట్టు ఎక్కడ పెట్టేది?

మూత ఉన్న చిన్న బకెట్టు ఒకటి దీనికోసమే కేటాయించండి. రంగు వేరుగా ఉంటే ఎవరూ పొరపాటున అందులో మగ్గు ముంచరు. మూత తప్పనిసరి. మన వైపు నీళ్ళు నిలిస్తే దోమలు చేరడానికి ఎంతసేపు పడుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. అరగంట నుంచి కొన్ని గంటలు నానితే చాలు. రాత్రంతా ఉంచాల్సి వస్తే తెల్లారగానే నీళ్ళు మార్చండి. ఒక రోజు దాటితే నీళ్ళు కుళ్ళిపోతాయి, ఆ వాసన గుడ్డకి పట్టేస్తుంది.

అసలు నానబెట్టకుండానూ గడుస్తుంది. విప్పిన వెంటనే కుళాయి కింద జాడించి, గట్టిగా పిండి, గాలి ఆడే వలసంచిలో వేసి బాత్రూమ్ కొక్కేనికి తగిలించండి. సాయంత్రం ఉతుకులో కలిపేయొచ్చు. ఇరుకు ఇళ్ళలో నేను చెప్పేది ఈ పద్ధతే. బకెట్టు చుట్టూ పుట్టే తగువు ఉండదు.

మాది సముద్రం వైపు. బోరు నీళ్ళు ఉప్పు, సబ్బు నురగే రాదు. ప్యాడ్లు అట్టలా బిరుసెక్కుతున్నాయి.

అంతర్వేది, అల్లవరం, మొగల్తూరు వైపు నుంచి ఎక్కువగా వినబడే మాట ఇదే. నీళ్ళలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువుంటే బట్టల సబ్బు వాటితో కలిసి తెల్లటి జిగురు తెట్టు కడుతుంది. అది నూలు పోగుల మీద పేరుకుంటే ప్యాడ్ గట్టిపడుతుంది, తడి పీల్చడం తగ్గిపోతుంది. ఇంతకుముందు చక్కగా పీల్చిన ప్యాడ్ ఇప్పుడు పక్కలనుంచి కారుతోందంటే చాలాసార్లు తప్పు ప్యాడ్‌ది కాదు, నీళ్ళది.

కాబట్టి సబ్బు బిళ్ళ మానేసి డిటర్జెంటు పొడి గానీ ద్రవం గానీ వాడండి, అదీ తక్కువగా. నురగ రావట్లేదని ఇంకో చెంచా వేస్తే ఆ పొడి గుడ్డలోనే మిగిలి దురద పెడుతుంది. ఉతుకు అంతా బోరు నీళ్ళతో కానిచ్చినా, ఆఖరి జాడింపు ఒక్కటి మంచినీళ్ళతో చేయండి. పంచాయతీ కుళాయి నీళ్ళయినా సరే, వానాకాలంలో చూరు కింద పట్టిన నీళ్ళయినా సరే. అప్పుడప్పుడు ఆ ఆఖరి బకెట్టులో రెండు మూడు చెంచాల తెల్ల వెనిగర్ కలిపితే పేరుకున్న తెట్టు వదులుతుంది. వెనిగర్‌ని బ్లీచింగుతో మాత్రం ఎప్పుడూ కలపకండి. విషవాయువు పుడుతుంది.

నీళ్ళలో ఇనుము ఉన్న ఊళ్ళలో ఇంకో తంటా. తెల్ల గుడ్డ మీద నారింజ రంగు మచ్చలు పడతాయి. రక్తం మరకే అనుకుని బ్లీచింగు పోస్తే అవి ఇంకా ముదురుతాయి. నిమ్మరసం పట్టించి కాసేపు ఉంచి, బాగా జాడించండి.

కాలువ రేవులో ఉతుక్కోవచ్చా? ఇల్లు గట్టు పక్కనే.

వద్దండి. ధవళేశ్వరం నుంచి వచ్చే ఈ కాలువల నీళ్ళే మన చెరువుల్లోకి ఎక్కి మంచినీళ్ళవుతాయి. మీ రేవుకి దిగువన ఇంకో రేవు ఉంటుంది, అక్కడ ఎవరో బిందె ముంచుతుంటారు. నీళ్ళు ఇంటికి తెచ్చుకుని ఉతకండి. సబ్బు కలవని మొదటి జాడింపు నీళ్ళు కొబ్బరి చెట్టు పాదులో పోయొచ్చు, చెట్టుకి చెరుపేం చేయవు.

వేసవిలో కాలువలు కట్టేశాక నీళ్ళకి కటకటే. అప్పుడు బకెట్టు నిండా పోసి ఒకసారి తిప్పడంకన్నా ఒక్కో మగ్గు పోసి పిండడం, మళ్ళీ పోసి పిండడం మేలు. తక్కువ నీళ్ళతో ఎక్కువ రక్తం దిగుతుంది.

ఎండలో అందరికీ కనబడేలా ఆరేయాల్సిందేనా? ఇంట్లో మగవాళ్ళు తిరుగుతుంటారు, పక్కింటివాళ్ళు చూస్తారు.

ఎండ పడాల్సిందే. కనబడాలా వద్దా అన్నది మీ ఇష్టం.

ముట్టుగుడ్డ మగవాళ్ళ కంట పడకూడదని, పాము దాటితే పిల్లలు పుట్టరని పాతకాలం నుంచి భయపెట్టేవారు. ఆ భయంతో గుడ్డలు ఎక్కడెక్కడ ఆరేవో అందరికీ తెలుసు. స్నానాల గది తలుపు వెనక, పశువుల పాక మూల, మంచం కోడుకి కట్టి, తడి చీర కింద దాచి. నీడ, తడి, గాలి ఆడకపోవడం, ఈ మూడూ కలిస్తే బూజు పట్టడానికి అంతకన్నా మంచి చోటు ఉండదు. గుడ్డలు వాడితే జబ్బులొస్తాయన్న పేరు గుడ్డకి రావడానికి ఈ దాపరికమే పెద్ద కారణమని నా నమ్మకం. సగం తడి గుడ్డ కట్టుకుంటే ఒరుసుకుని పుండు పడుతుంది. కరకరా ఎండిన గుడ్డకి ఆ బాధ లేదు.

ఎండ రెండు పనులు చేస్తుంది. తడిని పూర్తిగా లాగేస్తుంది, అతినీలలోహిత కిరణాలతో సూక్ష్మక్రిముల్ని తగ్గిస్తుంది. మిగిలిన లేత మరకని వెలిసిపోయేలా చేయడం పైన లాభం. ప్యాడ్ రెక్కలు విప్పి, ఒంటికి తగిలే వైపు సూర్యుడికి పెట్టి ఆరేయండి. మధ్యలో ఒకసారి తిరగేయండి. పైకి ఆరినట్టే ఉన్నా నడిమి పొరల్లో చెమ్మ ఉండిపోతుంది. ప్యాడ్ మధ్యలో రెండు వేళ్ళతో నొక్కి చూడండి. చల్లగా తగిలితే ఇంకా తడి ఉన్నట్టే.

కోనసీమ ఇళ్ళకి ఇంకో చిక్కుంది. చుట్టూ కొబ్బరి చెట్లు, పెరట్లో పగలంతా నీడే. దండెం పెరట్లో ఉంటే ప్యాడ్లకి గంట ఎండ కూడా దక్కదు. డాబా మీద ఒక దండెం కట్టించుకోండి. సిగ్గనిపిస్తే మూడు వరసల దండెంలో మధ్య వరస మీద వేసి, అటూ ఇటూ దుప్పట్లు ఆరేయండి. పైనుంచి ఎండ పడుతుంది, పక్కనుంచి ఎవరికీ కనబడవు. గుండ్రంగా క్లిప్పులు వేలాడే ఆరేసుకునే స్టాండు ఉంటే ఇంకా నయం. వాన చినుకు పడగానే అన్నీ ఒక్క చేత్తో లోపలికి తెచ్చేయొచ్చు. ముదురు రంగు, పూల డిజైను ప్యాడ్లయితే చూసేవాళ్ళకి అవేంటో సగం మందికి తెలియను కూడా తెలియదు, చేతిరుమాళ్ళనుకుంటారు.

కోతల రోజుల్లో మాత్రం జాగ్రత్త. పక్కనే ధాన్యం తూర్పారబడుతుంటే ఆ నూగు ఫ్లానెల్ గుడ్డకి అతుక్కుంటుంది. ఎంత దులిపినా పోదు, దురద చెప్పనలవి కాదు. ఆ రోజుల్లో గాలి వాటం చూసి ఆరేయండి.

ముసురు పట్టి మూడు రోజులైనా వదలకపోతే?

ఆషాఢం, శ్రావణం వచ్చాయంటే ఇదే ప్రశ్న. మిషన్లో పిండింపు రెండుసార్లు తిప్పండి. తర్వాత పొడి తువ్వాలులో ప్యాడ్ పెట్టి చాప చుట్టినట్టు చుట్టి, దాని మీద మోకాలితో బరువు వేసి నొక్కండి. ఆశ్చర్యపోయేంత తడి దిగుతుంది. రాత్రి ఫ్యాను కింద కుర్చీ వీపు మీద విడివిడిగా పరవండి.

పూర్తి నూలు ప్యాడయితే ఆరిన తర్వాత ఇస్త్రీ పెట్టండి, మిగిలిన చెమ్మ పోతుంది. పీయూఎల్ పొర ఉన్నవాటికి ఇస్త్రీ తగలనివ్వకండి. పొయ్యి పక్కన ఆరబెట్టడమూ వద్దు, నిప్పంటుకునే ప్రమాదం వేరే ఉంది.

ఇంతకీ వానాకాలానికి అసలు ఉపాయం కొనేటప్పుడే ఉంది. అన్ని పొరలూ కలిపి కుట్టేసిన లావు ప్యాడ్ ఆరడానికి రెండు రోజులు పట్టే చోట, మడతలు విప్పితే పల్చగా పరుచుకునే రకం ఒక రోజులో ఆరిపోతుంది. లోపలి గుడ్డ విడిగా తీసుకునే రకమైనా అంతే. లంకల్లో, డెల్టా ఊళ్ళలో ఉండేవాళ్ళు ఈ రకమే తీసుకోవాలంటాను.

వరద వస్తే? తుఫాను వస్తే?

1986 వరద, 1996 నవంబరు తుఫాను చూసినవాళ్ళు ఇంకా మన ఇళ్ళలోనే ఉన్నారు. 2022 జులైలో లంక గ్రామాలు మళ్ళీ నీళ్ళలో నిలబడ్డాయి. ఆ రోజుల్లో గుడ్డ ప్యాడ్ల మీద పంతం వద్దు. వరద నీళ్ళలో ఉతికిన గుడ్డ ఒంటికి తగలకూడదు, ఆరబెట్టే చోటు ఎలాగూ ఉండదు. వాడి పారేసే నాప్కిన్ల ప్యాకెట్లు రెండు, పొడి లోదుస్తులు, పాత పేపర్లు, తాడుతో మూతి కట్టేసే ప్లాస్టిక్ సంచిలో వేసి, రేషన్ కార్డు పెట్టే చోటే పెట్టుకోండి. నీళ్ళు తీశాక, తడిసిన ప్యాడ్లన్నీ మంచినీళ్ళతో ఉతికి, రెండు రోజుల ఎండ తగిలాకే మళ్ళీ వాడండి.

మరక పోవట్లేదు. పోకపోతే శుభ్రం కానట్టేనా?

కాదు. మరక వేరు, మురికి వేరు. బాగా ఉతికి బాగా ఆరిన ప్యాడ్ మీద లేత గోధుమరంగు మచ్చ మిగిలితే మిగిలింది.

కంటికి బాగోలేదంటే కాస్త ఉప్పు కలిపిన చన్నీళ్ళలో నానబెట్టండి, లేదా ఎంజైములున్న డిటర్జెంటుతో అరగంట ఉంచండి. మొండి మరకకి హైడ్రోజన్ పెరాక్సైడు పనిచేస్తుంది. మందుల షాపులో మామూలుగా 6 శాతం బలంతో దొరుకుతుంది, సమానంగా నీళ్ళు కలిపి మరక మీద చుక్కలుగా వేయండి. రక్తంలోని కాటలేజు అనే ఎంజైము దాన్ని తాకగానే బుసబుసా నురగ వస్తుంది, కంగారు పడకండి. నురగ ఆగాక జాడించేయండి. ముదురు రంగు గుడ్డని వెలిసేలా చేస్తుంది గనక ముందు ఒక మూల చూసుకోండి.

ఉతికినా వాసన వస్తోంది.

అయితే సబ్బు మిగిలిపోయి ఉండాలి, లేకపోతే పూర్తిగా ఆరకుండానే బీరువాలోకి వెళ్ళి ఉండాలి. సబ్బు లేకుండా వట్టి నీళ్ళతో నీళ్ళు తేటపడేదాకా జాడించి, రోజంతా ఎండలో పెట్టండి. అప్పటికీ వాసన ఉంటే ఆ ప్యాడ్ వయసైపోయినట్టే. నాఫ్తలీన్ ఉండలు వాటి మధ్య వేయకండి, ఆ ఘాటు నేరుగా ఒంటికి తగులుతుంది.

డెట్టాల్, కంఫర్ట్ లాంటివి వేయొచ్చా?

రెండూ వద్దు. బట్టలు మెత్తబరిచే ద్రవాలు పోగుల మీద పూతలా పట్టి తడిని పీల్చనివ్వవు. క్రిమిసంహారకాలు గుడ్డలో మిగిలితే సున్నితమైన చోట మంట పెడతాయి. అత్తగారు కుంకుడుకాయ పులుసుతో ఉతకమంటే ఉతకండి, బాగా జాడిస్తే చాలు.

ఇంట్లో ముగ్గురం వాడతాం. ఎవరికెన్ని కావాలి? కలిసిపోతున్నాయి.

ఒక్కొక్కరికి పగటికి ఆరు, రాత్రికి రెండు పెద్దవి ఉంటే రోజూ ఉతికే ఇంట్లో సరిపోతాయి. వానాకాలానికి ఇంకో రెండు మూడు ఉండాలి. ఒక్కో ప్యాడ్ నాలుగు నుంచి ఆరు గంటలకి మార్చాలి. తడవలేదు కదా అని పొద్దుటినుంచి సాయంత్రం దాకా ఒక్కటే ఉంచుకోవద్దు.

కలిసిపోకుండా ఉండాలంటే ప్రతి ప్యాడ్ రెక్క మీద ఒక మూల రంగు దారంతో నాలుగు కుట్లు వేసేయండి. అమ్మది ఎరుపు, పెద్దమ్మాయిది పసుపు, చిన్నదానిది నీలం. మార్కర్ రాతలు నాలుగు ఉతుకుల్లో పోతాయి, కుట్టు పోదు. మడతలు పెట్టేవాళ్ళు ఎవరైనా సరే, ఎవరి అరలోకి వాళ్ళవి వెళ్ళిపోతాయి. కొత్త ప్యాడ్లు వాడే ముందు రెండు మూడుసార్లు ఉతకండి. కొత్త నూలుకి ఉండే నూనెతనం పోతే గానీ పీల్చవు.

పనావిడకి ఇవ్వొచ్చా?

జాడించని ప్యాడ్ ఎవరికీ ఇవ్వకండి. మైల బట్టలు చాకలావిడకి వేసి చేతులు దులుపుకున్న కాలం ఒకటుంది. ఆ పని ఇష్టమేనా అని ఆవిడని అడిగినవాళ్ళు లేరు. మన రక్తం మనం కడుక్కోవడంలో చిన్నతనమేం లేదు. జాడించి, పిండి, వలసంచిలో వేశాక మిషన్లో వేయమంటే అది మామూలు బట్టల పనే. ఇంట్లో ఎవరికైనా హెపటైటిస్ బి ఉంటే ఆ ప్యాడ్లు మాత్రం చేతికి తొడుగు వేసుకుని విడిగా ఉతకాలి. ఆ వైరసు ఒంటి బయట కనీసం ఏడు రోజులు బతుకుతుంది.

మా అబ్బాయి దండెం మీంచి బట్టలు తీస్తూ “ఇవేంటమ్మా” అన్నాడు. ఏం చెప్పాలి?

ఉన్నదే చెప్పండి. “అక్కకి నెలనెలా రక్తం పోతుంది కదరా, అప్పుడు వాడే గుడ్డలు. ఆరాయో లేదో నొక్కి చూసి తీయి.” అంతకంటే ఏం అక్కర్లేదు. బట్టలు తీసే పని వాడిదైతే ఆ ప్యాడ్లు తీసే పనీ వాడిదే. మీ ఆయనకీ ఇదే మాట.

కాలేజీకి బస్సులో కాకినాడ వెళ్ళొస్తాను. బయట మార్చుకుంటే వాడినది ఏం చేయాలి?

తడి వైపు లోపలికి మడిచి, రెక్కలు చుట్టి బటన్ పెట్టేస్తే చిన్న పర్సంత అవుతుంది. తడి దిగని జిప్పు సంచిలో వేసుకోండి. ఇంటికి రాగానే మాత్రం బ్యాగులోంచి తీసి చన్నీళ్ళలో వేసేయాలి. బ్యాగులో మర్చిపోతేనే అసలు కష్టాలు.

కొనాలా, కుట్టుకోవాలా?

కొంటే, వాడి ఉతుక్కునే ప్యాడ్లకి భారతీయ ప్రమాణాల సంస్థ 2021లో తెచ్చిన ఐఎస్ 17514 ప్రమాణం ఉంది. ప్యాకెట్ మీద ఆ సంఖ్య ఉందేమో చూడండి. కుట్టుకుంటే, ఒంటికి తగిలే వైపు బాగా ఉతికి మెత్తబడ్డ పాత నూలు చీర గానీ పంచె గానీ వేయండి. మధ్యలో నాలుగైదు పొరల ఫ్లానెల్. పాలియెస్టర్ చీర ముక్కలు తడి పీల్చవు, వేసినా దండగ.

ప్యాడ్లు త్వరగా తడిసిపోతున్నాయి. ప్యాడ్ మార్చాలా?

డాక్టరుని కలవాలి. గంటకో రెండు గంటలకో ఒకటి నిండిపోతున్నా, రూపాయి బిళ్ళకన్నా పెద్ద గడ్డలు పడుతున్నా, ఏడు రోజులు దాటినా అది ప్యాడ్ సమస్య కాదు. రక్తహీనత ఎంత ఉందో చూపించుకోండి. చెడు వాసనతో తెల్లబట్ట, దురద, జ్వరం ఉన్నా అంతే. ఊళ్ళో ఆశా కార్యకర్తని అడిగితే దగ్గరి ఆరోగ్య కేంద్రానికి పంపుతుంది.

పాతబడిన ప్యాడ్లు ఏం చేయాలి?

రెండు మూడేళ్ళు వాడాక పొరలు ఊడినా, పీల్చడం మానేసినా తీసేయండి. పీయూఎల్ పొర, బటన్లు కత్తిరించి చెత్తబండికి ఇచ్చే పొడి చెత్తలో వేయండి. మిగిలిన నూలు గుడ్డని ముక్కలు చేసి పెరటి ఎరువు గుంటలో కప్పెట్టేస్తే మట్టిలో కలిసిపోతుంది. కాల్చకండి, కాలువలో అసలే వేయకండి. వంతెన గుంజలకి ఇప్పటికే బోలెడు చెత్త చుట్టుకుని ఉంది.